అతికిన కాగితం

"ఆగండి! వాడు స్పృహ తప్పితే మా ఆయన ఎక్కడున్నారో ఎవరు చెబుతారండీ?"

కాంతం కేకకి ఇన్‌స్పెక్టరు వెంకట్రాజు ఎత్తిన లాఠీ గాలిలోనే ఆగింది. గోడకి జారగిలబడ్డ బాజీ రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. ఇరవై రెండేళ్ళుంటాయి. పుస్తకాలు బైండు చేసే చేతులు. గోళ్ళ చుట్టూ మైదా జిగురు ఎండి తెల్లగా పొరలు కట్టింది.

డిటెక్టివ్ తాతాజీ గుమ్మంలో నిలబడే గోడ గడియారం చూశాడు. పదకొండూ పది.

"రండి పత్తేదారు గారూ!" అన్నాడు వెంకట్రాజు లాఠీ దించి. "తాడేపల్లిగూడెం నుంచి రైలు ఖర్చు పెట్టుకుని మరీ వచ్చారు. ఆలస్యమైపోయింది. ముద్దాయి దొరికాడు."

"మనిషి దొరికారాండీ?"



దొరకాల్సిన మనిషి నరసింహరాజు. "నీలిమేడ" మాసపత్రిక సంపాదకుడు. జిన్నులు, నీటి కింద పట్టణాలు, మాట్లాడే పర్వతాలు తప్ప మరో రకం కథ వేయని పత్రిక అది. ఏలూరులో ఆయన ఇంటి ముందు గది, ఇప్పుడు వీళ్ళున్న ఈ గదే, దాని ఆఫీసు. నిన్న గురువారం సాయంత్రం నాలుగూ ఇరవై నుంచి ఆయన జాడ లేదు. తంతి కొట్టి తాతాజీని పిలిపించింది ఆయన భార్య కాంతం.

ఆమె చేతిలో తడిగుడ్డ చుట్టిన చిన్న సీసా ఉంది. దాన్ని వదలకుండా పట్టుకునే మాట్లాడుతోంది.

"ఆయనకి చక్కెర జబ్బండి. పూటపూటా ఇన్సులిన్ సూది పడాలి. నిన్న రాత్రిది తప్పింది, పొద్దుటిదీ తప్పింది. సాయంత్రం నాలుగు దాటితే మగతలోకి వెళ్ళిపోతారు, తర్వాత లేపలేమని డాక్టరు గారు చెప్పారండి." ఆమె గడియారం వైపు చూసింది. "నాలుగింటి దాకానండి. అంతే."

ఇంకా నాలుగు గంటల యాభై నిమిషాలుంది. తాతాజీ కూర్చోలేదు.

"నిన్న ఏం జరిగిందో చూసినవాళ్ళెవరు?"

బల్ల పక్కన నిలబడ్డ బట్టతల మనిషి ముందుకొచ్చాడు. సహాయ సంపాదకుడు కొండలరావు.

"మూడున్నరకి ఈ బాజీ వచ్చాడండి. వస్తూనే కేకలు. 'నా కథ దొంగిలించారు, చదవకుండానే సలహాలు రాసి పంపారు' అని. వీధిలోకి వినిపించింది. నాలుగింటికి వెళ్ళిపోయాడు. నాలుగూ ఇరవైకి మా నరసింహరాజు గారు నన్ను ప్రూఫుల పార్సిలు ఇచ్చి పోస్టాఫీసుకి పంపారు. ఐదూ ఐదుకి తిరిగొచ్చేసరికి గది ఇలా ఉందండి. చెయ్యి పెట్టలేదు, చీపురు పెట్టలేదు."

కుర్చీ వెల్లకిలా పడి ఉంది. బల్ల మీద సిరాబుడ్డి దొర్లి, నల్లటి మరక చెక్క మీంచి నేల దాకా పాకి ఎండిపోయింది.

"వాడు వెళ్ళినట్టు వెళ్ళి, దొడ్డిదారిన వచ్చి మీద పడ్డాడు," అన్నాడు వెంకట్రాజు. "ఉదయం ఇంట్లో సోదా చేశాం. ఇవిగో, కథా, ఉత్తరమూ." చేతిలోని కాగితాల కట్ట ఊపాడు. "ఇంతకన్నా కారణం ఏం కావాలి?"

తాతాజీ బాజీ ముందు గొంతుక్కూర్చున్నాడు. "నువ్వు చెప్పు."

"ఇందాకట్నుంచీ చెబుతూనే ఉన్నానండి. ఎవరూ వినట్లేదండి."

"నేను వింటాను. తొందరగా చెప్పు."

బాజీ పెదవి మీద రక్తం తుడుచుకున్నాడు. "జూన్లో కథ పంపానండి. మా నేతగాడు తివాచీ నేస్తూ ఉంటే జిన్ను వచ్చి వాడి పెళ్ళాన్ని నీళ్ళ మధ్య లంకకి ఎత్తుకుపోతుందండి. జులైలో తిరిగొచ్చింది. దాంతో ఉత్తరం. నీకు రాయడం రాదు, పేజీలకి నంబర్లు వేయడం కూడా రాదు, బైండింగు చేసుకో అని. మొన్న లైబ్రరీ పుస్తకాలతో పాటు ఈ నెల 'నీలిమేడ' కూడా బైండింగుకి మా షాపుకే వచ్చిందండి. తిప్పి చూద్దును కదా, నా కథేనండి! 'ముంపు కోట' అని పేరు మార్చి, కింద 'కేతకి' అని ఎవరి పేరో వేశారు."

"చూశారా?" అన్నాడు వెంకట్రాజు. "కసి పట్టడానికి ఒకటి కాదు, రెండు కారణాలు. తనే ఒప్పుకుంటున్నాడు."

"రాజుగారేం అన్నారు?" అన్నాడు తాతాజీ, ఇన్‌స్పెక్టరు వైపు చూడకుండా.

"మొదట కోప్పడ్డారండి. నాకొచ్చిన ఉత్తరం చేతికి ఇవ్వగానే చదివి, కూర్చుండిపోయారు. 'ఇది నేను రాయలేదు బాబూ' అన్నారు. 'శనివారం వచ్చే సంచిక అచ్చు ఫారం బిగించేలోగా నీ పేరు పెట్టి, తప్పైందని అచ్చు వేయిస్తాను, వెళ్ళు' అన్నారండి. నేను నమ్మలేదు. తిట్టుకుంటూనే వెళ్ళిపోయాను."

లోపలి గది తలుపు దగ్గర ఎవరో నిట్టూర్చారు. ముప్పై ఏళ్ళ మనిషి, నిద్రలేక ఎర్రబడ్డ కళ్ళు, నలిగిన పంచె. పంచె అంచుకి తెల్లటి పొడి అంటి ఉంది. వేళ్ళ మీద నల్ల మరకలు. బొమ్మలు గీసేవాడి చేతులు, సుద్దో రంగో అనుకున్నాడు తాతాజీ.

"నేను చిట్టిబాబునండి, కాంతమ్మక్క తమ్ముణ్ణి. పత్రికకి బొమ్మలు నేనే వేస్తాను. బావగారి కోసం రాత్రంతా ఊళ్ళో తిరిగొచ్చానండి." అతను దగ్గరికొచ్చాడు. "నాకొకటి తోస్తోందండి. కేతకి అనే మనిషిని మేమెవరం చూళ్ళేదు. కథ పోస్టులోనే వచ్చింది, తాడేపల్లిగూడెం ముద్ర ఉంది. బావగారు నిన్న ఆ మనిషిని నిలదీయడానికి వెళ్ళారేమో! పదకొండూ నలభైకి రైలుంది. వెళ్ళి వెతుకుతానండి."

"ఒక్కరూ వద్దు," అన్నాడు వెంకట్రాజు. "మా కానిస్టేబుల్ వస్తాడు."

చిట్టిబాబు ఒక్క క్షణం ఆగాడు. "అలాగేనండి. మంచిదే కదా." అక్క దగ్గరికి వెళ్ళి చేతిలోని సీసా వైపు చూశాడు. "ఏడవకక్కా. నాలుగింటికల్లా తీసుకొస్తానుగా."

ఆమె తమ్ముడి తల నిమిరింది. అతను కానిస్టేబుల్‌తో మెట్లు దిగే సమయానికి పదకొండూ ఇరవై రెండు.

తాతాజీ అప్పుడు గది చూడ్డం మొదలుపెట్టాడు. ముందు అరుగు మీదికి వెళ్ళి చెప్పుల వరస చూశాడు. తిరిగొచ్చి తలుపు వెనక కొక్కెం చూశాడు.

"కాంతంగారూ, రాజుగారి గొడుగు ఇక్కడేనా తగిలించేది?"

"అవునండి. లేదే! చెప్పులూ లేవు. నిన్నట్నుంచి నేను చూసుకోనేలేదండి."

"ఇన్‌స్పెక్టరు గారూ, మీ ముద్దాయి రాజుగారిని కొట్టి ఈడ్చుకుపోయే ముందు చెప్పులు తొడిగి, గొడుగు చేతికిచ్చాడాండీ?"

వెంకట్రాజు మీసం కదిలింది. "మోసం చేసి పిలుచుకుపోయి ఉంటాడు."

"అయితే ఈ కుర్చీ ఎందుకు పడినట్టు? తన్నుకున్న గదిలోంచి గొడుగు తీసుకుని ఎవరూ వెళ్ళరు. గొడుగు తీసుకుని వెళ్ళిన గదిలో తన్నులాట జరగదు. మనిషి ఇష్టపడే బయటికి వెళ్ళారు. ఎవరో తర్వాత కుర్చీ పడదోశారు."

బల్ల మీదికి వంగాడు. మరక చుట్టూ వేలితో గీత గీశాడు. "కొండలరావు గారూ, ఈ బల్ల ఎప్పుడూ ఇంత ఖాళీగా ఉంటుందా?"

"అబ్బే! బొమ్మలు పరిచి ఉంటాయండి. వచ్చే నెలవి." కొండలరావు చుట్టూ చూశాడు. "అవిగో, కిటికీలో."

కిటికీ గట్టు మీద ఐదు బొమ్మలు ఒకదాని మీద ఒకటి సర్ది, గాలికి ఎగరకుండా పైన రాయి పెట్టి ఉన్నాయి. ఒక్క చుక్క సిరా పడలేదు.

"నిన్న మీరు పోస్టాఫీసుకి వెళ్ళేటప్పుడు ఎక్కడున్నాయి?"

"బల్ల మీదేనండి. నేనే చూశాను."

తాతాజీ ఆ రాయిని ఒకసారి తాకి చూశాడు. సిరా ఒలకబోసినవాడికి ఆ బొమ్మల మీద జాలి కలిగింది. మనిషిని మాయం చేశాడు గానీ గీసిన గీత చెడిపోవడం మాత్రం చూడలేకపోయాడు.

"ఆ కట్ట ఇటివ్వండి," అన్నాడు చెయ్యి చాచి.

"సాక్ష్యమిది. ప్రైవేటు మనుషులు ముట్టుకోకూడదు," అన్నాడు వెంకట్రాజు.

"నాలుగింటికి ఆయన పోతే, ఈ సాక్ష్యం చదవకుండా చంకలో పెట్టుకున్నది ఎవరని మీ సూపరింటెండెంటు అడుగుతారండి. అప్పుడు నా పేరు చెప్పకండి."

కాంతం ఇన్‌స్పెక్టరు ముందుకొచ్చి నిలబడింది. చెయ్యి చాచింది. వెంకట్రాజు కట్ట ఆమె చేతిలో పెట్టి మొహం తిప్పుకున్నాడు.

తాతాజీ కాగితాలు లెక్కపెట్టాడు. "ఇరవై ఒకటి. బాజీ, నువ్వు పంపినవెన్ని?"

"ఇరవై రెండండి."

"మా రిజిస్టరులో ఇరవై ఒకటేనండి," అన్నాడు కొండలరావు గబగబా పుస్తకం తిప్పి. "జూన్ పదకొండు, బాజీ, ఏలూరు, కాగితాలు ఇరవై ఒకటి. నేనే లెక్కపెట్టాను."

"ఇందులోనూ అబద్ధమే!" అన్నాడు వెంకట్రాజు.

బాజీ మొదటిసారి నవ్వాడు. నవ్వగానే పెదవి నొప్పెట్టి మూలిగాడు. "ఉందండి అందులోనే. పన్నెండో కాగితం తడిమి చూడండి. మందంగా ఉంటుంది."

తాతాజీ తడిమాడు. కిటికీ వెలుతురుకి పట్టాడు. ఒక కాగితం వెనక మరో కాగితం నీడలా కనిపించింది. అంచుల వెంట సన్నగా జిగురు.

"సంపాదకులు మాలాంటివాళ్ళ కథలు చదవరని మా షాపులో అంటారండి. చదివితే విడదీస్తారు, లేకపోతే అలాగే తిరిగొస్తుంది. కాగితానికి ఒక వైపే రాయమన్నారు కదా. రెండూ కలిపి అతికిస్తే వెనక ఎలాగూ తెల్లగానే ఉంటుంది, తెలీదు. నంబర్లు కూడా అందుకే వేయలేదండి. అలాగే తిరిగొచ్చింది. చదవకుండా సలహా రాశారని అందుకేనండి నా గోల."

తాతాజీ కలంకత్తితో అంచు కోశాడు. దాగిన పదమూడో కాగితం బయటపడింది. దాని మీద బాజీ గుండ్రటి రాత. నేతగాడు తను నేసిన తివాచీ పోగులన్నీ విప్పి, తాడు పేని, నీటి మీద వంతెన కట్టుకుని లంకకి నడిచి వెళ్ళడం. కథ మొత్తానికి ప్రాణం అక్కడే ఉంది.

"ఇప్పుడు 'ముంపు కోట' చూపించండి."

కొండలరావు అక్టోబరు సంచిక తెరిచాడు. తాతాజీ పైకి చదివాడు. "'నేతగాడు ఒడ్డున కూర్చుని భోరున ఏడ్చెను.' తర్వాత పేరా. 'లంకలో అడుగుపెట్టిన నేతగాడికి కోట కనపడెను.' ఎలా వెళ్ళాడండీ లంకకి?"

కొండలరావు మొహం మాడింది. "సంచిక వచ్చిన దగ్గర్నుంచీ అదే గొడవండి. పెంటపాడు నుంచి ఒకాయన రాశారు, నేతగాడు ఈదాడా, ఎగిరాడా, బస్సెక్కాడా అని. అచ్చు వేయకముందే రాజుగారికీ అనుమానం వచ్చింది. దారి చూపించే సన్నివేశం ఒకటి రాయమని కేతకికి ఉత్తరం రాశారు. నకలు ఫైల్లో ఉంది. 'అద్భుతానికి కారణం అడగరాదు' అని జవాబొచ్చిందండి."

"రాయలేకపోయాడు," అన్నాడు తాతాజీ. "ఉన్నది ఎత్తి రాశాడు గానీ లేని ఒక్క పేజీ పుట్టించలేకపోయాడు. ఈ అతికిన కట్టని చూసి రాసుకున్నవాడే కేతకి. రాజుగారు కాదు. దొంగ ఆయనే అయితే తన దొంగతనంలో లోటు ఎత్తిచూపిస్తూ తనకే ఉత్తరం రాసుకోరు."

వెంకట్రాజు లాఠీ కింద పెట్టాడు. "అయితే ఈ ఇంట్లో కట్టలు విప్పేవాడెవడు? కొండలరావేగా!"

"అయ్యో! నేను లెక్కపెట్టి రిజిస్టరు రాస్తానంతేనండి," అన్నాడు కొండలరావు రిజిస్టరు ముందుకు తోసి. "తిరిగి పంపే కథలు కట్టి, చిరునామాలు రాసి పోస్టు చేసేది..." అతను కాంతం వైపు చూసి ఆగిపోయాడు.

"ఉత్తరం ఒకసారి చూద్దాం," అన్నాడు తాతాజీ ఆ మాట వినిపించుకోనట్టే. "రాజుగారు సలహా ఉత్తరం ఎలా మొదలుపెడతారు?"

"ముందొక మంచి మాటండి. ఎంత చెత్త కథైనా అందులో బాగున్న ఒక్క వాక్యం వెతికి ఎత్తి రాస్తారు. అది దొరికేదాకా ఉత్తరం ముట్టుకోరు. ఒక కథకి మూడు రోజులు వెతికారు. తర్వాత ఎప్పుడూ ఒకే మాట, ఊహ ఎంత దూరమైనా ఎగరనివ్వండి, చోటు మాత్రం మీరు కళ్ళారా చూసినదే రాయండి అని."

బాజీకి వచ్చిన ఉత్తరంలో మంచి మాట లేదు. మొదటి వాక్యం నుంచే తిట్లు. అక్షరాలు, సంతకం మాత్రం అచ్చంగా రాజుగారివే. తాతాజీ భూతద్దం తీసి సంతకం మీద పెట్టాడు. చాలాసేపు తల ఎత్తలేదు. గడియారం పన్నెండు కొట్టింది.

"చూడండి," అని భూతద్దం వెంకట్రాజుకి ఇచ్చాడు.

"ఏముంది? సిరా."

"సిరా కింద."

వెంకట్రాజు కళ్ళు చిట్లించాడు. నల్ల గీత పక్కన బూడిద రంగు గీత. ముందు పెన్సిలుతో గీసి, మీద సిరా దిద్ది, పెన్సిలు రబ్బరుతో చెరిపారు. 'ర' వంపు దగ్గర చెరపడం మర్చిపోయారు.

"ఇది రాసిన సంతకం కాదండి. గీసిన సంతకం."

కాంతం సీసా చుట్టూ ఉన్న గుడ్డని బిగించింది.

"కొండలరావు గారూ, రెండు తేదీలు కావాలి. కేతకి కథ పోస్టులో ఎప్పుడొచ్చింది?"

"ఆగస్టు ఇరవై ఎనిమిదండి."

"దానికి వేసిన బొమ్మ?"

"బొమ్మని అచ్చు వేసే బ్లాకు ఇక్కడ చేయరు కదండీ. మద్రాసు రిజిస్టరు పార్సిల్లో వెళ్ళాలి, మూడు వారాలు పడుతుంది. రసీదులు ఈ తీగెకి గుచ్చుతాం." ఒక్కొక్కటే తిప్పుతున్న అతని వేళ్ళు ఒక రసీదు దగ్గర ఆగిపోయాయి. మళ్ళీ చదివాడు. "ఇదేంటండీ... 'ముంపు కోట, ఒక బొమ్మ', ఆగస్టు పంతొమ్మిది."

"కథ ఈ ఇంటికి రావడానికి తొమ్మిది రోజుల ముందే కథకి బొమ్మ మద్రాసు వెళ్ళిపోయింది," అన్నాడు తాతాజీ నెమ్మదిగా.

అప్పుడే మెట్ల మీద బూట్ల చప్పుడు. చెమటతో తడిసిన కానిస్టేబుల్ ఒక్కడే లోపలికొచ్చాడు.

"అయ్యా, చిట్టిబాబు గారు టికెట్లు తెస్తానని వెళ్ళి తిరిగి రాలేదండి. రైలు వెళ్ళిపోయింది. స్టేషనంతా వెతికాను. కాలవ రేవులో అడిగితే గూడు పడవ కట్టించుకుని కొల్లేరు వైపు వెళ్ళారన్నారండి. పన్నెండు కాకముందే."

తాతాజీ సంచికలోని బొమ్మ పేజీ తెరిచి కాంతం ముందు పెట్టాడు. చిట్టిబాబు పంచె అంచుకి అంటిన తెల్లటి పొడి ఇప్పుడు గుర్తొచ్చి తనని తానే తిట్టుకున్నాడు. అది సుద్ద కాదు, సున్నం.

"కాంతంగారూ, కథలో రాసింది కోట అని. ఈ బొమ్మలో ఉన్నది కోట కాదు. గుండ్రటి గోడ, పగిలిన మూతి, పక్కన తల తెగిన మూడు తాడిచెట్లు. ఇది ఎక్కడుందో మీకు తెలుసా?"

ఆమె బొమ్మ మీద వేలు పెట్టింది.

"మా అమ్మమ్మ గారి ఊరి పక్కన లంకలో ఉందండి. గుల్ల సున్నం కాల్చే బట్టీ. పాడుపడిపోయింది. చిన్నప్పుడు అమ్మమ్మ కోప్పడితే మేం పడవేసుకుని వెళ్ళి అందులో దాక్కునేవాళ్ళం. లోపల కూర్చుంటే ఎంత అరిచినా ఒడ్డుకి వినపడదు." ఆమె సంచికని దగ్గరికి లాక్కుంది. "పుస్తకం రాగానే చూసి మురిసిపోయానండి. మన బట్టీ గుర్తుపెట్టుకున్నాడే అనుకున్నాను."

"అతను కూడా కథలు రాసేవారా?"

"పదకొండు రాశాడండి. పదకొండూ ఈయన తిప్పికొట్టారు. ఇంట్లోనే ఉన్నా ఉత్తరమే రాసి చేతికిచ్చేవారు, అందరికీ ఇచ్చినట్టే. 'చూసిన చోటు రాయి' అని. మూడేళ్ళ కిందటే రాయడం మానేశాడనుకున్నాను."

"మానలేదు. పన్నెండోది అచ్చైంది, వేరేవాళ్ళ కథతో, వేరే పేరుతో. సలహా మాత్రం పాటించాడు. చూసిన చోటే గీశాడు. నిన్న మీవారికి నిజం తెలిసింది. శనివారం అది అచ్చులోకి వస్తుంది. కేతకిని చూపిస్తాను రమ్మని ఉంటాడు. ఆయన చెప్పులేసుకుని, గొడుగు పట్టుకుని ముందు నడిచారు. వెనకాగిన అతను బొమ్మలు తీసి పక్కన పెట్టి, సిరా ఒలకబోసి, కుర్చీ పడదోశాడు." తాతాజీ వెంకట్రాజు వైపు తిరిగాడు. "కత్తి అక్కర్లేదండి అతనికి. నాలుగు దాకా అక్కడ కూర్చుంటే చాలు. ఒంటిగంటకి కాలవ లాకు తెరిచి పడవల్ని వదులుతారు. పడవ లాకు దాటి కొల్లేటి కిక్కిస రెల్లుపొదల్లో పడిందంటే మనం పట్టలేం, రాజుగారిని ఇంకో లంకకి మార్చేస్తాడు. సైకిలు మీద మనిషిని పంపి లాకు ఆపించండి!"

పన్నెండూ ఇరవై ఐదు.

వెంకట్రాజు కదల్లేదు. నుదురు తుడుచుకున్నాడు. అతని గొంతులో ఇందాకటి ఎకసెక్కెం లేదు, భయం ఉంది. "సర్కారు లాకు ఆపమని కాగితం రాయాలి. ఎవరి మీద? రాత్రి ఈవిడ సంతకం పెట్టిన ఫిర్యాదులో ఉన్న పేరు బాజీ. ఆ పేరు కొట్టేసి, పెద్దింటి మనిషిని, ఎడిటరు గారి బావమరిదిని, ఒక పత్తేదారు మాట మీద పడవలోంచి దింపమని రాస్తే నా ఉద్యోగం ఉండదు. ఫిర్యాది నోటితో చెప్పాలి. పేరు చెప్పాలి."

అతను ఫిర్యాదు కాగితం బల్ల మీద పరిచి, కలం చేతిలోకి తీసుకున్నాడు.

అందరూ కాంతం వైపు చూశారు. ఆమె గోడ పక్కన కూర్చున్న బాజీ పెదవి చూసింది. కిటికీ గట్టు మీద రాయి కింద భద్రంగా ఉన్న బొమ్మలు చూసింది. ఇందాక తమ్ముడి తల నిమిరిన చేతిని చీర కొంగుకి తుడుచుకుంది. మరో చేతిలో సీసా అలాగే ఉంది.

"వాడికి తొమ్మిదేళ్ళప్పుడు మా అమ్మ పోయిందండి," అంది ఎవరితోనో అన్నట్టు. "అన్నం నేనే కలిపి పెట్టాను."

గడియారం ముల్లు కదిలిన చప్పుడు వినిపించింది.

"అమ్మా," అన్నాడు తాతాజీ, "టైము..."

"తెలుసండి." ఆమె తల ఎత్తింది. గొంతు పెద్దదైంది. వీధిలోకి వినపడేంత పెద్దదైంది. "బాజీ పేరు కొట్టేయండి ఇన్‌స్పెక్టరు గారూ. రాసుకోండి. మా ఆయన్ని తీసుకెళ్ళింది నా తోడబుట్టినవాడు. కలిదిండి చిట్టిబాబు!"